స్పందన లేనందున మూసివేయడమైనది

నర్సుల విశ్రాంతి గది,
సోమవారం మధ్యాహ్నం.

ఒరేయ్ తమ్ముడూ,

నీకు మెయిలు మీద మెయిలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు లేదు. చివరికి ఫోన్ చేస్తే, "అక్కా, నేను మెయిళ్ళు చూడటం మానేశాను. నాతో పనుంటే కాగితం మీద రాసి పోస్టులో వెయ్యి" అని పెట్టేశావు. కంప్యూటర్లతో బతికే మనిషి నోట ఆ మాట విని మీ బావ పగలబడి నవ్వారు. "మీవాడు పావురాన్ని పెంచుతున్నాడేమో కనుక్కో" అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నీ గొంతు విన్నాను కదా. మా వార్డు బయట బెంచీ మీద రోజుల తరబడి కూర్చున్నవాళ్ళ గొంతు అలాగే ఉంటుంది.

సరే, ఇదిగో కాగితం. పోస్టాఫీసులో స్టాంపు అడిగితే కౌంటర్లో పిల్ల నన్ను ఎగాదిగా చూసింది.

అసలేం జరుగుతోందిరా? ఆఫీసు పని కాక నువ్వింకేదో ఊరికే చేసిపెడుతున్నావనీ, అది రాసింది చదివి వినిపించే ప్రోగ్రామనీ, చూపు లేనివాళ్ళు వాడుకుంటారనీ తెలుసు. మంచి పనే. మంచి పనికి మనిషి ఇంత చిక్కిపోవడమెందుకు? పోయినసారి వచ్చినప్పుడు భోజనం ముందు కూర్చుని, జేబులో ఫోను బుర్రుమన్నప్పుడల్లా ఉలిక్కిపడ్డావు. తీసి చూశావు, పెట్టావు, మళ్ళీ తీశావు. నీ కంచంలోది చల్లారిపోయింది. నేను వడ్డించడం ఆపి నీ మొహం చూస్తున్న సంగతి కూడా నీకు తెలియలేదు.

నాకు అర్థమయ్యేలా రాయి. ఇన్నేళ్ళుగా ఇంటెన్సివ్ వార్డులో మరలతో వేగుతున్నదాన్ని, ఆ మాత్రం బుర్రకెక్కుతుంది.

నీ అక్క


వంటింటి బల్ల దగ్గర,
ఆదివారం.

అక్కా,

క్షేమమని మొదలుపెడితే మొదటి వాక్యమే అబద్ధమవుతుంది. అందుకని తిన్నగా సంగతిలోకి వస్తాను.

ఆ ప్రోగ్రాం నేను మొదలుపెట్టింది కాదు. మాస్టారిది. ఆయన లెక్కల మాస్టారు. షుగరు వల్ల నడివయసులో చూపు పోయింది. ఉద్యోగం పోయాక కంప్యూటరు నేర్చుకుని, తనకు చదివి పెట్టడానికి తనే ఒక గొంతు తయారుచేసుకున్నారు. ఆ తర్వాత దాన్ని అందరికీ ఇచ్చేశారు. లోపలి రాతంతా తెరిచే ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు, బాగుచేయొచ్చు. దీన్నే ఓపెన్ సోర్స్ అంటారు. అలా వచ్చి చెయ్యివేసినవాణ్ణి నేను. ఆయన్ని కళ్ళతో చూడలేదు. ఫోన్లో మాట్లాడింది కూడా తక్కువే. మా స్నేహమంతా మెయిలింగ్ లిస్టులోనే. లిస్టంటే రచ్చబండ అనుకో. ఒకరు రాస్తే సభ్యులందరికీ చేరుతుంది.

గుప్పెడుమందిమి ఉన్నప్పుడు ఎంత బాగుండేదో! సాయంత్రం పూట మాస్టారు రాసేవారు: "బాబూ, 'క్ష' పలికేటప్పుడు మన గొంతు తుమ్ముతోంది. చూడు." నేను చూసి సరిచేసేవాణ్ణి. "తగ్గింది. ఆవిరి పట్టావా ఏం?" అని జవాబు వచ్చేది.

తర్వాత ఒక పెద్ద కంపెనీ తన ఫోన్లలో మా గొంతును పెట్టుకుంది. మమ్మల్ని అడగలేదు, అడగక్కర్లేదు కూడా. ఇక చూసుకో, గట్టు తెగింది. పని చెయ్యడం లేదని ఒకరు, ఎందుకు చెయ్యడం లేదని ఇంకొకరు, ఇంకా ఎన్నాళ్ళని వేరొకరు. ఎవరైనా ఒక అక్షరం మారిస్తే పరీక్ష పాసయిందనో తప్పిందనో మరలు పంపే మెయిళ్ళు వేరే. ఒకాయన సెలవు మీద వెళ్తూ "నేను ఊళ్ళో లేను" అని జవాబు దానంతటదే వెళ్ళేలా పెట్టాడు, అది లిస్టుకొచ్చింది. దానికి ఊళ్ళో లేని మరొకాయన మర జవాబిచ్చింది. ఇద్దరు లేనివాళ్ళు పొద్దుగూకులూ మాట్లాడుకున్నారు, మేం విన్నాం. "నన్ను ఈ లిస్టులోంచి తీసేయండి" అని ఒకడు అందరికీ రాస్తే, "నన్ను కూడా" అంటూ జనం ఎగబడ్డారు.

నేనైతే కళ్ళతో పైపైన జారిపోగలను. మాస్టారికి అదీ లేదు. ప్రతి అక్షరం చెవిలో పడాల్సిందే. మనవాళ్ళు పాత జాబులన్నీ తగిలించి, అడుగున ఎక్కడో "సరే" అని ఒక్క ముక్క రాస్తారు. ఆ ముక్క కోసం ఆయన వాటన్నిటినీ మళ్ళీ వింటారు. "దయచేసి పాతవి కత్తిరించి పంపండి" అని బతిమాలారు. ఒకడు ఆ బతిమాలిన జాబును కూడా తగిలించి, కింద "సరే" అని రాశాడు.

నాకెలా ఉంటుందంటే అక్కా, నేను జవాబివ్వని మనుషులందరూ నా గుమ్మం ముందు నిలబడ్డట్టుంటుంది. ఎవరు ముందొచ్చారో తెలియదు, ఎవరికి నిజంగా అవసరమో తెలియదు. తలుపు తీస్తే అందరూ ఒక్కసారే మీద పడతారు. అందుకే తియ్యడం మానేశాను.

తమ్ముడు


ఆసుపత్రి వెనక మెట్లమీద,
గురువారం.

తమ్ముడూ,

నీ ఉత్తరం బావకు చదివి వినిపించాను. ఊళ్ళో లేని ఇద్దరి సంభాషణ దగ్గర నవ్వి, నీ గుమ్మం ముందు మనుషుల సంగతి దగ్గరికొచ్చేసరికి మళ్ళీ చదవమన్నారు.

మా వార్డు సంగతి చెబుతాను విను. ఒక్కో మంచానికి నాలుగైదు మరలు. ఒక్కోదానికి ఒక్కో కూత. గుండె వేగం పెరిగితే ఒకటి, సెలైను అయిపోతే ఒకటి, రోగి పక్కకు తిరిగి తీగ ఊడితే ఒకటి. కొత్తగా చేరిన పిల్ల ప్రతి కూతకూ పరుగెడుతుంది. నెల తిరిగేసరికి దేనికీ కదలదు. రెండూ ప్రమాదమే. అందుకని పెద్ద నర్సులం ఏం చేస్తామంటే, మంచం మంచానికీ హద్దులు సర్దుకుంటాం. ఫలానా తాతగారి గుండె తీరే అంత అని తెలిశాక, దానికి మర గోల పెట్టకుండా హద్దు జరుపుతాం. నిజంగా మనిషి కోసం పిలిచే కూతకే లేస్తాం.

నీకూ అలాంటి ఉపాయం ఏదో ఉండకపోదు. నీ పేరు పెట్టి పిలిచినవాళ్ళకి పలుకు. తక్కినవి పక్కన పెట్టు. పక్కన పెట్టమన్నాను, పారెయ్యమనలేదు. మేం కూడా పూటకోసారి అన్ని మంచాలూ చుట్టి వస్తాం, కూత ఉన్నా లేకపోయినా.

ఊరందరి బరువూ నీ ఒక్కడి నెత్తినే ఉందనుకోకు. నువ్వు రాకముందూ తెల్లవారింది.

ఇక్కడ మెట్లమీద కూర్చుంటే గాలి బాగా వస్తోంది. ఈమధ్య విశ్రాంతి గదిలో కూర్చోబుద్ధి కావడం లేదు.

నీ అక్క


వంటింటి బల్ల దగ్గర,
వానలు మొదలైన వారం.

అక్కా,

నీ నోట్లో పంచదార పొయ్యాలి.

నువ్వు చెప్పినట్టే ఫిల్టర్లు పెట్టాను. నా పేరున్న మెయిళ్ళు ఒక అరలోకి వస్తాయి. లిస్టులో తక్కినవన్నీ ఇంకో అరలోకి, చదివేసినట్టు గుర్తు వేసుకుని మరీ వెళ్ళిపోతాయి. నాకు కనిపించవు, వినిపించవు. ఫోనులో కూడా తెలియని నంబర్లు మోగకుండా చేశాను.

ఇంకోటి కూడా చేశాను. లిస్టుకొచ్చే ప్రతి విన్నపమూ మా దగ్గర నమోదవుతుంది. కొండలా పేరుకుపోయాయవి. ఎవరూ పట్టించుకోకుండా కొన్నాళ్ళు పడి ఉన్నవాటిని, ఇక చూడక్కర్లేదని, దానంతటదే మూసేసే చిన్న ప్రోగ్రాం ఒకటి తగిలించాను. "స్పందన లేనందున మూసివేయడమైనది. మీ సహకారానికి ధన్యవాదాలు" అని అదే జవాబు కూడా రాసేస్తుంది. ధన్యవాదాల ముక్క నేనే చేర్చాను, మొరటుగా ఉండకూడదని. చాలా ప్రాజెక్టుల్లో ఇదే పద్ధతి.

మొదటి వారం చెయ్యి ఊరికే ఫోను మీదకు పోయేది. తర్వాత మరిచిపోయాను. నిన్న గొడుగేసుకుని బజారంతా తిరిగాను. మా వీధి మొదట్లో గడియారాల దుకాణం ఉందని ఇన్నాళ్ళూ నాకు తెలియనే తెలియదు! లోపల ముసలాయన కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చుని ఉన్నాడు. చాలాసేపు నిలబడి చూశాను. కడుపునిండా తిని, ఒళ్ళెరక్కుండా నిద్రపోతున్నాను.

గుమ్మం ముందు ఎవరూ లేరక్కా.

తమ్ముడు


మందుల స్టోరు,
శనివారం.

తమ్ముడూ,

నీ ఉత్తరం చూసి ప్రాణం లేచొచ్చింది. కడుపునిండా తింటున్నానన్న మాట చాలు.

నాలుగు ముక్కలే రాస్తున్నాను, సరుకు దించే బండి వచ్చింది. ఒక్క మాట. పోయిన ఉత్తరం నిండా మాస్టారి కబుర్లే. ఈసారి ఆయన ఊసే లేదేం? నీ కొత్త ఏర్పాటుకి ఆయనేమన్నారు? పరాచికమాడకుండా ఊరుకునే మనిషిలా లేరే.

మా వార్డులో అలవాటొకటుంది. రోజూ గోలచేసే మంచం ఉన్నట్టుండి సద్దుమణిగితే, ముందు వెళ్ళి తీగ ఊడిందేమో చూస్తాం.

నీ అక్క


బుధవారం.

అక్కా,

నీ ఉత్తరం చదివి ఆ రెండో అర తెరిచాను. మాస్టారి పేరుతో వెతికాను. ఆయన రాసింది ఉన్నదున్నట్టు దింపుతున్నాను.

"బాబూ, తక్కిన మిత్రులారా, నా చెవులు మందగిస్తున్నాయి. సన్నని శబ్దాలు ముందు సెలవు తీసుకున్నాయి. మన గొంతు నాకిప్పుడు గోడ అవతల ఎవరో గొణుగుతున్నట్టుంది. బొంగురు శబ్దాలు మాత్రం అందుతున్నాయి. వీధిలో లారీ వెళితే బ్రహ్మాండంగా వినపడుతోంది. కాబట్టి మన గొంతును లారీ స్థాయికి దించే ఏర్పాటు కావాలి. సగం రాసి దీనికి జతచేశాను. మిగతా సగం విని సరిచూడాల్సింది, అది నావల్ల కాదు. వేళ్ళ కొసలు మొద్దుబారాయి గనక బ్రెయిలు చుక్కల లిపి కూడా నాకు దక్కదు. చదువుకోవడానికి ఉన్న దారి ఇదొక్కటే. ఈ మిగిలిన వినికిడికి డాక్టరు ఎక్కువ వ్యవధి చెప్పడం లేదు. తొందరేం లేదని రాయడం నాకలవాటు. ఈసారి కొంచెం తొందరే. నీకొక్కడికే రాస్తే బరువవుతుందని లిస్టుకు రాస్తున్నాను. వీలున్నవారెవరైనా చూడగలరు."

ఇది వచ్చింది వానలకు ముందు. నేను గడియారాల దుకాణం ముందు నిలబడి మురిసిపోయేనాటికే ఇది అరలో ఉంది, చదివేసినట్టు గుర్తు వేసుకుని.

ఒకతను జవాబిచ్చాడు: "ఇలాంటి కోరికలకు వేరే ఫారం ఉంది, నింపండి." దానికి మాస్టారు, "ఆ ఫారాన్ని మన గొంతు చదవలేకపోతోంది నాయనా" అని రాశారు. ఆపైన ఎవరూ పలకలేదు. అందరూ అది నా పనే అనుకుని వదిలేసి ఉంటారు. గడువు కాగానే నా ప్రోగ్రాం వచ్చి మూసేసింది. సహకారానికి ధన్యవాదాలు చెప్పింది.

దానికి కూడా ఆయన జవాబు రాశారక్కా. "నాయనా మరా, నువ్వొక్కడివైనా పలికావు. సంతోషం." అదే ఆఖరు.

అది రెండు మూడు సాయంత్రాల పని. అంతకంటే లేదు.

నీ పేరు పెట్టి పిలిచినవాళ్ళకి పలుకు అన్నావు. ఆయన నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. మీ ఆసుపత్రి లెక్కలు నాకెందుకు చెప్పావు? అడిగానా? ఆ గోలలోనే పడి ఉంటే, తిట్టుకుంటూనైనా చూసేవాణ్ణి.

జవాబు రాయొద్దు.

తమ్ముడు


మందుల స్టోరు,
సోమవారం.

తమ్ముడూ,

రాయొద్దన్నా రాస్తున్నాను. నువ్వు చించెయ్యి, నీ ఇష్టం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను. రెండోసారి కోపమొచ్చింది. పక్కన పెట్టమన్నానుగాని, చదివేసినట్టు గుర్తు వెయ్యమన్నానా? పూటకోసారి చుట్టి వస్తామని రాశాను. ఆ వాక్యం నీకు కనపడలేదు. నీకు కావలసిన ముక్క కత్తిరించుకుని తక్కినది వదిలేశావు. పోట్లాటకు ఇది చాలు. ఇంతకంటే అనను, ఎందుకంటే సలహా ఇచ్చినదాన్ని నేనే. నీతోపాటు నేనూ మొయ్యాల్సిందే.

నా ఉత్తరాల మీద చిరునామా మారుతూ వచ్చింది చూశావా? చూసి ఉండవు. నేను వార్డులో లేను. ఒకరోజు మంచం పక్కనే నిలబడి దుప్పటి సర్దుతున్నాను. పైన మర కూస్తోందట. నాకు వినపడలేదు. చెవుడు కాదురా, చెవి పని చేస్తూనే ఉంది. లోపల ఎవరూ వినడం లేదు. పక్క నర్సు వచ్చి భుజం కుదిపింది. ఆ రోగికి ఏమీ కాలేదు, ఇంటికి కూడా వెళ్ళిపోయాడు. నేను మాత్రం మర్నాడు వెళ్ళి, నన్ను అక్కడి నుంచి తీసెయ్యమని అడిగాను. ఇప్పుడు పెట్టెల మధ్య కూర్చుని మందులు సర్దుతున్నాను. ఇంట్లో కుక్కరు కూత వెయ్యబోతుంటే ముందే పొయ్యి ఆపేస్తున్నాను. నీకు చెప్పలేదు. నీ గుమ్మంలో నేనూ ఇంకొకదాన్నై నిలబడ్డం ఎందుకనుకున్నాను.

సరే, నా సంగతి తర్వాత. నువ్వు మెయిల్లో క్షమాపణలు పంపబోతున్నావు, నాకు తెలుసు. పంపావంటే నా గడప తొక్కకు. ఆ పని పూర్తిచెయ్యి, చేత్తో పట్టుకుని వెళ్ళు. ఆయన ఎదట కూర్చో. ఆయన తిడితే పడు.

నీ అక్క


మాస్టారి ఊరు, స్టేషను దగ్గర అద్దె గది,
ఆదివారం.

అక్కా,

నీ ఉత్తరం చించలేదు. చిరునామా చూడలేదన్నావు. నిజమే, చూడలేదు. నీ ముందు తల ఎలా ఎత్తుకోవాలో తెలియడం లేదు. ఇక్కణ్ణించి తిన్నగా నీ దగ్గరికే వస్తాను.

పని పూర్తిచేశాను. మాస్టారు రాసిన సగం ఎంత శుభ్రంగా ఉందంటే, నా సగం దాని పక్కన మాసిన గుడ్డలా ఉంది. గొంతు బాగా దిగింది. బావి అడుగునుంచి మాట్లాడుతున్నట్టుంది. ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని రైలెక్కాను.

ఆయనది రెండో అంతస్తు. కూతురితో ఉంటున్నారు. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. తలుపు తీసి, నేనెవరో చెప్పగానే, "నా ఫోన్నుంచి మీ నంబరుకు చేశానండీ. మోగేది, ఆగిపోయేది. పనిలో ఉన్నారేమో అనుకున్నాం" అంది. తిట్టలేదక్కా. నువ్వు తిడితే పడమన్నావు. ఆ ఇంట్లో ఎవరూ తిట్టలేదు. మంచినీళ్ళు ఇచ్చింది.

మాస్టారు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. నేననుకున్నదానికంటే చిన్న మనిషి. చొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని, ఎక్కడికో బయల్దేరబోతున్నట్టు కూర్చున్నారు. కూతురు వెళ్ళి ఆయన అరచేతిలో వేలితో ఏదో రాసింది. ఆయన మొహం వెలిగిపోయింది. "బాబూ! వచ్చావా? తెచ్చావా?" అన్నారు, గట్టిగా, తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియనట్టు.

ఇయర్‌ఫోన్లు చెవులకు పెట్టాను. ఆయన పాతరోజుల్లో లిస్టుకు రాసిన జాబునే చదవడానికి పెట్టాను. గొంతు మొదలైంది. ఆయన తల వంచి, కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నారు. శబ్దం పెంచాను. ఇంకా పెంచాను. ఇయర్‌ఫోన్లలోంచి మాటలు గదిలోకి వచ్చేస్తున్నాయి. పక్కగదిలో కుట్టుమిషను ఆగిపోయింది.

"ఊఁ, మొదలుపెట్టు బాబూ" అన్నారు మాస్టారు.

గొంతు చదువుతూనే ఉంది.

"మొదలుపెట్టావా?"

కూతురు గుమ్మంలోకొచ్చి, నన్ను చూసి, మొహం గోడవైపు తిప్పుకుంది. కాసేపటికి ఆయనకే తెలిసింది. ఇయర్‌ఫోన్లు తనే తీసి, తీగ చిక్కుపడకుండా చుట్టి, నేను ఎటున్నానో తడుముకుని నా చేతిలో పెట్టారు. "అందరికీ పంపించెయ్. నాలాంటివాళ్ళు ఇంకా ఉంటారు, వాళ్ళకైనా వేళకి అందుతుంది" అన్నారు.

పంపించాను. ఆ తర్వాత ఈ పని ఇంకెవరైనా చూసుకోండని రాసి లిస్టులోంచి బయటికి వచ్చేశాను. తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

ఆఫీసుకు సెలవు పెట్టి ఇక్కడే ఉన్నాను. రోజూ వెళ్తున్నాను. అరచేయి మీద పెద్ద పెద్ద అక్షరాలు రాస్తే ఆయనకు తెలుస్తుంది. వేళ్ళు మొద్దుబారినా అరచేతి మధ్యలో ఇంకా కాస్త స్పర్శ ఉంది. మొదటిరోజు క్షమాపణ రాయబోతే, సగంలోనే పిడికిలి మూసేశారు. "అది వద్దు. లోకంలో ఏం జరుగుతోందో చెప్పు. కబుర్లు లేక చస్తున్నాను" అన్నారు. అందుకని కిటికీలోంచి కనపడేదంతా రాస్తున్నాను. ఎదురింటి మేడకు రంగు వేస్తున్నారని రాస్తే, ఏం రంగన్నారు. ఆకుపచ్చ అని రాశాను. "లేతా ముదురా?" అన్నారు. ఒక్కో మాటకు ఎంతసేపు పడుతుందో నీకు చెప్పలేను. రోజంతా కూర్చుంటే పేపర్లో ఒక్క వార్త కూడా పూర్తికాదు. అయినా ఆయన అడుగుతారు. మధ్యలో ఆయనే జోకులేస్తారు, నవ్వానో లేదో చూడటానికి నా చెంప తడుముతారు. నవ్వుమొహంతోనే ఉండాల్సివస్తోంది.

స్పర్శ కూడా తగ్గుతోందని కూతురు చెప్పింది, వంటింట్లోకి పిలిచి, నెమ్మదిగా. ఆయనకు వినపడదని తెలిసి కూడా నెమ్మదిగానే చెప్పింది.

ఇవాళ పేపర్లో వరద వార్త రాస్తున్నాను. నది పొంగి వంతెన మునిగిందని, అవతలి ఒడ్డున ఉన్నవాళ్ళను పడవల మీద తెస్తున్నారని. మాస్టారు ప్రతి మాటకూ తల ఆడిస్తున్నారు. పిల్లల్ని ముందు ఎక్కించారని రాశాను. తర్వాత ముసలివాళ్ళనని రాశాను. పడవ మధ్యదాకా వచ్చిందని రాస్తూ తలెత్తి చూస్తే, ఆయన గడ్డం గుండెమీదకు వాలి ఉంది. నిద్రపోయారు. ఎప్పుడు నిద్రపోయారో, ఏ మాట దాకా అందిందో తెలియదు. చెయ్యి మాత్రం తెరిచే ఉంది. నేను రాస్తూనే ఉన్నాను.

తమ్ముడు